కాసేపు నాకిచ్చెయ్

కాలు కదిలింది. మళ్లీ.

గాజు కిటికీకి ఇవతల టెక్నీషియన్ మీట నొక్కి స్కానింగ్ మిషన్ ఆపేశాడు. తెర మీద మెదడు బొమ్మ తడిచేత్తో తుడిచిన పలకలా అలుక్కుపోయింది. తల్లికి ప్రాణం ఉసూరుమంది.

"రెండుసార్లయిందమ్మా. కాలు ఎగిరితే తల అదురుతుంది. తల వెంట్రుకవాసి అదిరినా బొమ్మ పనికిరాదు," అన్నాడతను. "ఇంకొక్కసారి చూద్దాం. పదకొండింటికి మిషన్ వేరేవాళ్లకివ్వాలి."

"ఈసారీ కదిలితే?"

"పిల్లలిద్దరి బొమ్మలూ ఉంటేనే లెక్కండీ. లేకపోతే మీ చోటు ఇంకో కుటుంబానికి ఇచ్చేస్తారు."

అతను మంచివాడే. ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె మొహంలోకి చూడలేదు.

కవలపిల్లలిద్దరికీ తొమ్మిదేళ్లు. ఒకరికి సెరిబ్రల్ పాల్సీ. ఒకరికి లేదు. మెదడులో తెల్ల పదార్థమని ఒకటుందట. మెదడు చెప్పిన మాటను కాలికీ చేతికీ మోసుకుపోయే తీగల కట్టలాంటిది. ఇద్దరి బొమ్మలూ పక్కపక్కన పెడితే ఆ మాట ఎంతదూరం వెళ్లి ఎక్కడ ఆగిపోతోందో తెలుస్తుంది. దాన్నిబట్టి ఏ వ్యాయామం పనికొస్తుందో తేల్చి, రెండేళ్లపాటు పరిశోధనవాళ్లే చేయిస్తారు. ఈ పిలుపు కోసం తల్లి ఏడాదిగా కళ్లు కాయలు కాచేలా చూసింది. ఇన్నేళ్లూ ఎవరేది చెబితే అది చేయించింది, చీకట్లో తడుముకున్నట్టు.

పది నిమిషాల పెద్దది తన వంతు పోయినవారమే ముగించింది. ఒక్కసారికే. పడుకోబెట్టిన చోట బొమ్మలా పడుకుందని టెక్నీషియన్ ఇప్పటికీ మురిసిపోతున్నాడు. ఎటొచ్చీ చిన్నదానితోనే వచ్చింది తంటా.

ఫోన్ మోగింది. పిల్లల తండ్రి.

"అయిందా?"

"లేదండీ. మళ్లీ కదిలింది."

"అది నిద్రలోనైనా కుదురుగా ఉంటేగా! మత్తివ్వమనరాదూ?"

"పరిశోధన కోసం తీసేదానికి మత్తివ్వరని వందసార్లు చెప్పాను," అని ఆమె విసురుగా పెట్టేసింది. వెంటనే పాపం అనిపించింది. మళ్లీ చేయడానికి టైము లేదు.

కాలుగాలిన పిల్లిలా ఆ చిన్న గదిలోనే నాలుగుసార్లు తిరిగింది. సంచి పట్టీ మెలిపెట్టింది, విప్పింది, మళ్లీ మెలిపెట్టింది. గోడ గడియారం పదీ ముప్పై ఎనిమిది. బల్ల మీద మైకు లాక్కుంది.

"బంగారూ! ఒక్క పన్నెండు నిమిషాలే. కాలు కదపకే!"

"నేను కదపట్లేదమ్మా! అదే కదులుతోంది!" మిషన్ గొట్టంలోంచి ఏడుపు గొంతు వచ్చింది. "వద్దంటుంటే కదులుతోంది. నా మాట వినట్లేదు!"

తల్లికి కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ దిగమింగింది.

మూల కూర్చుని బొమ్మల పుస్తకం చూస్తున్న పెద్దది తలెత్తింది.

"మైకు ఇటివ్వండి అంకుల్. అమ్మ బతిమాలితే అది వినదు."

టెక్నీషియన్ తల్లివైపు చూశాడు. ఆమె తలూపింది. అతను మైకు తీగ సాగదీసి పెద్దదాని నోటి దగ్గర పట్టుకున్నాడు.

"ఒసేయ్ చిన్నీ. నేనే."

"అక్కా, నా కాలు..."

"తెలుసులే. వద్దు వద్దు అనకు. అన్నకొద్దీ మొండికేస్తుంది. దాని జోలికే పోకు. అసలది నీది కాదనుకో."

"మరెవరిదీ?"

"నాది. కాసేపు నాకిచ్చెయ్. నేను చూసుకుంటా."

లోపల ముక్కు ఎగబీల్చిన చప్పుడు. "మళ్లీ ఇచ్చేస్తావా?"

"పన్నెండు నిమిషాలయ్యాక ఇచ్చేస్తా. ఒట్టు. ఇక నోరు మూసుకుని నేను లెక్కపెట్టేది విను."

గొట్టంలోంచి కిసుక్కున నవ్వు వినిపించింది.

మిషన్ మొదలైంది. డబడబమని రేకుల షెడ్డు మీద రాళ్లు పడుతున్నట్టు మోత. పెద్దది మైకులో మెల్లగా అంకెలు చదువుతోంది. ఆగడం లేదు, తొందరపడడం లేదు. తల్లి తెర చూడలేక గడియారం చూసింది, గడియారం చూడలేక తెర చూసింది. నాలుగు నిమిషాలు. ఆరు. తొమ్మిదో నిమిషంలో దుప్పటి కింద ఏదో కదిలినట్టనిపించి గబుక్కున టెక్నీషియన్ భుజం పట్టుకుంది.

"ఊపిరి తీసిందమ్మా. అంతే. నా భుజం వదిలితే నేనూ తీస్తాను."

పదకొండు. పెద్దదాని గొంతు బొంగురుపోయింది. అయినా ఆపలేదు.

పన్నెండు.

మోత ఠక్కున ఆగింది. తెర మీద నీలం, ఎరుపు, ఆకుపచ్చ దారాలు తేలాయి. చిక్కు తీసి దువ్విన జడలా ఉన్నాయి. ఒక్క పోగు కూడా చెదరలేదు.

"వచ్చేసిందమ్మా! అద్దంలా వచ్చింది!" అన్నాడు టెక్నీషియన్.

తల్లి కుర్చీలో కూలబడి, మొహం సంచిలో దాచుకుని ఏడ్చేసింది. సంతోషమే.

పెద్దది మైకులోకి వంగింది. "ఇదిగోవే, నీ కాలు నీకిచ్చేశా. జాగ్రత్తగా తీసుకో."

టెక్నీషియన్ వెళ్లి చిన్నదాన్ని బల్ల మీంచి దింపి తలుపు తెరిచాడు.

పన్నెండు నిమిషాలు బిగబట్టిన పరుగంతా ఒక్కసారే తీర్చుకుంటూ చిన్నది దూసుకొచ్చి, అక్క చక్రాల కుర్చీ బ్రేకు తీసి, నడవా ఈ చివరినుంచి ఆ చివరికి తోసుకుంటూ పరుగెత్తింది.