గోడకు మిగిలిన మేకులు

"ఈ డైమండ్ ప్యాకేజీ ఎవరు కొంటారమ్మా?"

ధరల కార్డు చేత్తో పట్టుకుని అడిగాడు పెద్దాయన.

అక్క తమ్ముడి వైపు చూసింది. తమ్ముడు నవ్వాపుకోవడానికి అట్టపెట్టెలు సర్దసాగాడు.

ఇళ్లకు కెమెరాలు, వేలు పెడితే తెరుచుకునే తాళాలు బిగించే కొట్టు వాళ్లది. పెట్టి ఐదు నెలలైంది. సిల్వర్, గోల్డ్, డైమండ్ అని మూడు ప్యాకేజీలు. డైమండ్ అమ్మడానికి కాదు. దాని పక్కన గోల్డ్ చవగ్గా కనపడాలని అక్క చేసిన ఏర్పాటు.

అయినా గోల్డ్ కదల్లేదు. ఈ నెల పది ఇళ్లు దొరక్కపోతే షట్టరు దించేసి ఉద్యోగాలు వెతుక్కోవాలని ఇద్దరూ అనుకున్నారు.

"మీ ఇంట్లో ఎన్ని గదులండీ?" అడిగింది అక్క.

"గదుల సంగతి సరే, ఇంట్లో ఎవరెవరున్నారో అడగవేం?"

పెద్దాయన గోడ వైపు నడిచాడు. ఈ కొట్టులో అంతకుముందు అద్దెకున్నవాళ్లు వదిలేసిన మేకులు వరసలుగా ఉన్నాయి. తమ్ముడు వాటికే కెమెరాలు తగిలించాడు. ఒక మేకును వేలితో కదిపి చూశాడు పెద్దాయన.

"గట్టిగానే ఉన్నాయి."

అక్కకు అనుమానమొచ్చింది. వెనక వీధిలో ఇలాంటి కొట్టే ఇంకొకటి తెరిచి వారం కాలేదు.

"బాబాయిగారూ, వెనక వీధివాళ్లు మా ధరలు కనుక్కు రమ్మన్నారా?"

"నన్నా?"

"వాళ్లకు చెప్పండి, ఇక్కడ ఈగలు తప్ప ఇంకేం లేవని."

పెద్దాయన ముఖం చిన్నబోయింది. జేబులోంచి పెన్సిల్ తీసి కార్డు వెనక ఏదో రాసి, బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

"అంత మాటనాలా అక్కా?"

"గూఢచారికి మర్యాదలేంట్రా?"

తమ్ముడు కార్డు తిప్పి చదివాడు.

'ఇవి కావలసింది, పెద్దవాళ్లకంటే ముందు పిల్లలు బడి నుంచి వచ్చే ఇంటికి. పెద్దావిడ ఒక్కతే ఉండే ఇంటికి. తాళంచెవులు పోగొట్టేవాళ్లున్న ఇంటికి. ఈ మూడో రకమే ఎక్కువ. అమ్మదలచుకోని సరుకుకు ధరెందుకు?'

అక్క కార్డు లాక్కుని తనూ చదివింది.

మర్నాడు ఒక జంట వచ్చింది. అక్క కార్డు చూపించలేదు.

"మీ ఇంట్లో తాళంచెవులు పోగొట్టేదెవరండీ?"

"ఇదిగో, ఈయనే!" అంది భార్య.

"మొన్న కూరల సంచిలో పారేసిందెవరు? నేనా?" అన్నాడు భర్త.

నలుగురూ నవ్వారు. ఆ జంటకు తాళం ఒక్కటే అవసరం. తాళం ఒక్కటే అమ్మింది అక్క. వాళ్లు ఇంకో రెండిళ్లవాళ్లను పంపారు.

నెలాఖరున, కొట్టు అద్దెకిచ్చిన యజమాని వచ్చాడు.

"ఉంటున్నారా, ఖాళీ చేస్తున్నారా?"

"ఉంటున్నామండీ! పదకొండిళ్లు!" అన్నాడు తమ్ముడు. కొత్త ధరల కార్డులో సిల్వరూ లేదు, గోల్డూ లేదు, డైమండూ లేదు. పాత కార్డు, పెన్సిల్ రాత పైకి కనపడేలా, మేకుకు వేలాడుతోంది.

యజమాని దాని ముందు ఆగిపోయాడు.

"ఈ రాత మీకెక్కడిది?"

"ఎవరో పెద్దాయన రాసిచ్చారు. మీకు తెలుసా? నేనాయన్ని క్షమించమని అడగాలి," అంది అక్క.

"పోయిన వారమే కూతురి దగ్గరికి ఊరు మారిపోయాడమ్మా. నంబరిస్తాను, మాట్లాడు. సంతోషిస్తాడు."

"ఇంతకీ ఎవరండీ ఆయన?"

యజమాని మేకుల వరసలను చేత్తో నిమిరాడు.

"ముప్పై ఏళ్లు తాళంచెవులు చేసి, వీటికే తగిలించి అమ్ముకు బతికినవాడు, మీ వేలి తాళాలొచ్చాక బేరాల్లేక ఈ కొట్టు మీకు వదిలి వెళ్లినవాడు."