అరిచేంత సందు

"తుపాకీ ఒక్కటే. దానికి దున్నా పడాలి, జింకా పడాలి. ఏ సైజు చెబుదాం?"

ఇంటి యజమాని, పోశన్నకు వీసా ఇచ్చిన కఫీల్, తన స్నేహితుడు యూసుఫ్‌ను అడిగాడు. చలికాలంలో ఇద్దరూ ఆఫ్రికా వేటకు పోతున్నారు. తుపాకీ అక్కడే అద్దెకిస్తారు. ఏ సైజు గుండుదో మాత్రం ముందే చెప్పాలి. బహ్రెయిన్‌లో, బుసైతీన్‌లోని ఆ ఇంటి ముందుగది మజ్లిస్‌లో కొన్నాళ్లుగా ఇదే రగడ.

"308 చాలు," అన్నాడు యూసుఫ్. "నీ భుజానికి ఆపరేషన్ అయింది. పెద్దది తన్నిందంటే మళ్లీ ఆసుపత్రే."

"308తో కొడితే దున్న ఒళ్లు గోక్కుని మన మీదికే వస్తుంది. 375 అయితే అన్నిటికీ పనికొస్తుంది."

ఆ ఇంట్లో పనిచేసే పోశన్న వాళ్లకు గావా కాఫీ పోస్తున్నాడు. అతని మనసు తుపాకుల మీద లేదు. వచ్చే నెల తన వీసా అయిపోతుంది. పొడిగిస్తానని కఫీల్ ఇంకా అనలేదు. ఆ ఒక్క మాట కోసం పోశన్న రోజూ ఆయన మొహమే చూస్తున్నాడు.

బహ్రెయిన్ వచ్చాక అతను ఒక్కసారి కూడా ఊరికి పోలేదు. "ఊళ్లె ఇల్లున్నదా, అమ్ముకున్నవా?" అని డ్రైవర్ భూమేష్ ఎగతాళి చేస్తుంటాడు. శుక్రవారం వస్తే వదిన నాగవ్వ ఫోన్ చేస్తుంది. "ఎప్పుడొస్తవు తమ్మీ?" అంటుంది. "వస్త వదినా," అంటాడు. పోడు.

కారు తాళాలు ఇవ్వడానికి వచ్చిన భూమేష్ మాట కలిపాడు.

"మా పోశన్ననడుగు బాబా. మక్కచేనుకు కావలివోయి ఒక్కటే గుండుకు అడివిపందిని పడగొట్టిండట. వచ్చిన కొత్తల ఒక్కపారి చెప్పిండు. మల్ల దాని ఊసెత్తలే."

"పందినా?" యూసుఫ్ కప్పు కింద పెట్టేశాడు. "ఆ చేతులతోనేనా మాకు గావా పోస్తున్నాడు?"

అందరూ నవ్వారు. పోశన్న నవ్వలేదు.

"దాన్ని ముట్టుకోలే బాబా."

"మరి ఆ తుపాకీ ఏమైంది?" అన్నాడు కఫీల్.

"నాటుది. లైసెన్సు లేకుండె. ఆ రాత్రే బాయిల పడేసిన. ఊళ్లె ఎవరికీ తెల్వదు."

కఫీల్‌కు ముచ్చటేసింది. "దొంగ వేటగాడివన్నమాట. అయితే నువ్వే చెప్పు. గడ్డిలో ఏదో కదిలింది. సరిగ్గా కనబడదు. ఏ సైజు గుండైతే మంచిది?"

పోశన్న గావా కూజా కింద పెట్టాడు.

"చిన్నది తీస్కో బాబా. ఎంత చిన్నదైతే అంత మంచిది. దెబ్బ తాకినంక దానికి అరిచేంత సందన్న ఉండాలె."

మజ్లిస్ గొల్లుమంది. యూసుఫ్ కళ్లు తుడుచుకున్నాడు.

"అరుపులు వినడానికా అంత దూరం పోయేది? అరవకుండా పడేదే కదా కావాలి."

"ఖలాస్. 375," అని తేల్చేశాడు కఫీల్. నవ్వి నవ్వి ఆయన మనసు తేలికపడ్డట్టుంది. "పోశన్నా, నీ వీసా పొడిగిస్తాను."

పోశన్నకు ఊపిరి వచ్చింది.

"కానీ ముందు ఊరికి పోయి రా. టికెట్ నాది. మేం వేటలో ఉంటే ఇక్కడ నీకు పనేముంది?"

"ఇప్పుడద్దు బాబా. ఇల్లు సూసుకుంట. జీతం సుత ఇయ్యకు." పోశన్న ఆయన మోకాళ్లు పట్టుకోబోయాడు.

"ఇంటికి పొమ్మంటే ఏడ్చేవాణ్ని నిన్నే చూశాను. యల్లా, బట్టలు సర్దుకో."

వంటింట్లో పోశన్న గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. ఆనందంతో నోట మాట రావడం లేదనుకున్నాడు భూమేష్. అతని జేబులోంచి ఫోన్ లాగి తనే నాగవ్వకు కలిపాడు.

"అక్కా, మీ మరిది వస్తుండు. టికెట్ తీస్తుండ్రు. ఇగో, మాట్లాడు." స్పీకర్ పెట్టి పోశన్న ఒళ్లో పడేశాడు.

 ఏడుపు మింగుకుంటూ నాగవ్వ అంది.

"రా తమ్మీ, నువ్వొక్కనివి పక్కన నిలవడితే మల్ల ఠాణాకు వోయి, మక్కచేన్ల పందులను ఎల్లగొట్టవోయిన మీ అన్నను కాల్చి సంపినోడెవడో నిలదీసి అడుగుత."