గోడ దాటిన గులాబీ

పక్కింటి ధర్మారావు మీద నాకున్న కోపం చచ్చేదాకా పోదు. అతని తీగ గులాబీ గోడెక్కి మా పెరట్లోకి దిగినప్పుడే నేను కత్తెర పట్టాల్సింది.

ఊళ్లలో పచ్చదనం పెరగాలని చట్టం తెచ్చాక, పెరట్లో ఎవరి మొక్క ఎంత నేలను కప్పితే అంత నేలా వారిదే. ఏడాదికోసారి డ్రోన్ వచ్చి కొలిచి పోతుంది.

"కోసెయ్యండి. వాసన తింటామా ఏంటి?" అంది మా ఆవిడ.

"ఉండనివ్వండి బావగారూ. మొక్కకేం తెలుసండీ గోడలు," అన్నాడు ధర్మారావు అవతల నుంచి.

పొద్దున్నే ఆ వాసన పీలుస్తూ టీ తాగడం అలవాటైపోయి, కొయ్యడానికి నాకు చెయ్యి రాలేదు. బడి చదువు అంతంతమాత్రం కదా, నీళ్లు పోసినవాడిదే మొక్క అనుకున్నాను. నూతి మీదుగా పందిరి వేసి, తీగను పురికొసతో కట్టి, ఎండుకొమ్మలు తీసి, పశువుల ఎరువు వేశాను. ఎండల్లో కూడా గుత్తులుగా పూసింది.

మొన్న డ్రోన్ పందిరి మీద ఆగింది.

"పెంచింది నేనేనండీ," అన్నాను.

"వేరు ఎక్కడుంది?" అని అడిగింది డ్రోన్.

గోడ అవతలకి చూపించాను.

"దేవుడికి నాలుగు పూలు కోసుకోవచ్చాండీ?" అంది మా ఆవిడ.

"యజమానిని అడగండి," అని డ్రోన్ ధర్మారావు ఇంటి మీదుగా వెళ్లిపోయింది.

నాకు పోయింది ఇరవై రెండు గజాలు, నూతితో కలిపి.