అరిచే డబ్బా

"ముందు ఆ డబ్బా నోరు మూయించు," అంటూ పెద్దాయన కొట్టు బల్లమీది స్పీకరుకు తన తువ్వాలు చుట్టాడు. ఫోన్‌లో డబ్బు కడితే చాలు, అది వీధంతటికీ టాంటాం వేస్తుంది. కోడలేమో సరిగ్గా పైవాటాలోనే ఉంది. దగ్గు తగ్గేదాకా ఐస్‌క్రీం ముట్టకూడదని కొడుకు హుకుం.

ఆయన ఫోన్ నొక్కాడు. "ఇరవై అందాయి!" అని తువ్వాల్లోంచే అరిచింది డబ్బా.

మెట్లమీద చెప్పుల చప్పుడైంది. పెద్దాయన చేతిలోని ఐస్‌క్రీం వీపు వెనక్కి పోయింది.

"వెనకాలేంటి మామయ్యా?"

"ఏం లేదమ్మా, నడుం పట్టేసింది."

"నడుం కారుతోంది."

పెద్దాయనకు ఒళ్లు మండింది. "నా పెన్షను, నా నోరు! ఇంత ఐస్‌క్రీం కొనుక్కున్నా వాడి ఫోన్‌కి మెసేజ్ వెళ్లాలా?"

కోడలు వీధిలో అటూ ఇటూ చూసింది. తన ఫోన్ కవరు ఊడదీసి, లోపల మడతపెట్టిన నోటొకటి బయటికి లాగింది.

"నాకూ ఒకటివ్వు అన్నా," అంది కొట్టతనితో.

పెద్దాయన తెల్లబోయాడు. "ఈ దాపరికం నీకెందుకు తల్లీ? నీ జీతం నీదేగా?"

"జీతం నాదే. మెసేజులు మాత్రం మీ అబ్బాయికే."

అంతలో పెద్దాయన ఫోన్ మోగింది. కొడుకు. కోడలే అందుకుంది.

"ఆ ఇరవయ్యా? మామయ్య సబ్బు కొన్నారండీ."

కొట్టతను సొరుగంతా వెతికి చిల్లర ఇచ్చాడు. డబ్బా కిక్కురుమనలేదు. కోడలు ఆ చిల్లరంతా మామగారి జేబులో పోసింది.

"ఈసారి సబ్బు దీంతో కొనండి మామయ్యా."