సిపాయి రొట్టె

గోడ మేకుకున్న గుడ్డసంచి ఖాళీగా కనిపించేసరికి నెర్మిన్ అందులో చెయ్యి పెట్టి అడుగుదాకా తడిమింది. మా ఎర్జురూమ్ ఊళ్ళో సిపాయి బయల్దేరేటప్పుడు రొట్టె ఒక్కసారి కొరికి వెళ్తాడు. మిగతాది సంచిలో వేలాడదీస్తారు; తిరిగొచ్చి తానే తినాలి. సరిహద్దు నుంచి ఆమె భర్త ఫోను చేసి చాన్నాళ్ళయింది. ఆ సంచితోపాటు ఆమె ప్రాణమూ ఆ మేకుకే వేలాడుతోంది.

"రొట్టె ఏదిరా?"

"ఎలుక తినేసిందమ్మా," అన్నాడు ఐదేళ్ళ తునా.

"ఎలుక తింటే నీ మూతికెందుకు అంటుకున్నాయిరా నువ్వులు?"

వాడు మూతి తుడుచుకున్నాడు. "రొట్టె అయిపోతే నాన్న వచ్చేసినట్టేగా?"

అత్తగారు చూసేలోగా నెర్మిన్ కొత్త రొట్టె తీసి, అచ్చం భర్తలాగే ఓ పక్క కొరికి, సంచిలో పెట్టి మేకుకు తగిలించింది.

తునా చంటి చెల్లెల్ని ఒళ్ళోకి లాక్కున్నాడు.

"నువ్వెప్పుడు వెళ్తున్నావమ్మా?"