కడిగిన గిన్నె

అది 2009 చలికాలం. డెట్రాయిట్‌లో దేదీప్యతో కలిసి అద్దెకున్న పాత ఇంట్లో రిషితకి స్వైన్ ఫ్లూ వచ్చింది. ఎల్లుండే ఇంటర్వ్యూ ఉన్న దేదీప్య, జ్వరం తనకీ అంటుకోకూడదని, చారన్నం గిన్నె రిషిత గది గుమ్మంలో పెట్టి హాల్లోకి పరిగెత్తింది. 1918 ఫ్లూలో కూడా ఆ గదిలోని రోగికి ఇలాగే గుమ్మంలో తిండి పెట్టేవారట. లోపలికి ఎవరూ వెళ్లొద్దని సిటీవాళ్లు తలుపుకు కొట్టిన బోర్డు తాలూకు మేకుల గుర్తులు ఇంకా ఉన్నాయి.

కాసేపటికి తలుపు కిర్రుమంది. గిన్నె తళతళలాడుతూ బయట ఉంది.

"ఏమే, జ్వరమొస్తే గానీ గిన్నె కడగవా?" హాల్లోంచే నవ్వింది దేదీప్య. "మా అమ్మమ్మయితే ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదంటుంది, తెలుసా!"

లోపల ఎవరో సన్నగా దగ్గారు. దేదీప్య మళ్లీ చారు పోసి పెట్టొచ్చింది. అంతలో ఫోన్ మోగింది.

"సారీనే, చెప్పడం మర్చిపోయా. నువ్వు క్లాస్‌లో ఉండగా పిన్ని వచ్చి నన్ను నోవైలో వాళ్లింటికి తీసుకొచ్చేసింది," అంది రిషిత.

తలుపు మళ్లీ కిర్రుమంది. ఈసారి గిన్నె ఖాళీగా లేదు. అందులో పాతకాలం నాటి, నాడాలున్న గుడ్డ మాస్కు మడతపెట్టి ఉంది. ముట్టుకుంటే, అప్పుడే ఇస్త్రీ చేసినట్టు వెచ్చగా తగిలింది.

"హలో? ఉన్నావా?" అరుస్తోంది రిషిత.

జవాబు చెప్పబోయిన దేదీప్యకి గట్టిగా తుమ్మొచ్చింది.