వీధి తరఫు మాట

ఒకే మనిషిని ద్వేషించేవాళ్ళు ఒకరి పక్షాన ఒకరు నిలబడతారని లోకానికి గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే ఆ సాయంత్రం వీధివాళ్ళంతా సామాజిక భవనంలో టైలరమ్మ చుట్టూ చేరారు.

"నువ్వే వెళ్ళాలమ్మా," అన్నాడు వీధి సంఘం ప్రెసిడెంటు. "నీ కొట్టు కూల్చిన బిల్డరే ఇప్పుడు మన భవనం మీద పడ్డాడు. నీ కడుపుమంట ముందు మా గోల ఏపాటిది?"

భవనం ఏమంత గొప్పది కాదు. కింద హాలు, పక్కన పుస్తకాల గది, మేడమీద పిల్లలు చదువుకునే గది. వాన పడితే మెట్ల దగ్గర కారుతుంది. దాన్ని పడగొట్టి అక్కడ అపార్టుమెంట్లు కడతానని బిల్డరు దరఖాస్తు పెట్టాడు. వీధి అడ్డు చెబితే అనుమతి రాదు. అయితే ప్లానింగు ఆఫీసు పద్ధతి ఒకటుంది. వీధి మొత్తానికి ఒక్క మనిషే వెళ్ళి, మూసిన తలుపుల వెనుక, అధికారి ముందు మాట చెప్పాలి. ఆ మనిషి చెప్పిందే వీధి మాట. తరువాత నాలుక కరుచుకున్నా మార్చడానికి వీల్లేదు.

"ప్రెసిడెంటు మీరుండగా నేనెందుకు బాబాయ్?" టైలరమ్మ ఒళ్ళోని చొక్కాకు గుండీ కుడుతూనే అడిగింది.

"ఒకసారి వెళ్ళి ఓడిపోయి వచ్చినవాణ్ణి కదమ్మా! నీ కొట్టు కోసం ఆ గదిలో గొంతు చించుకున్నాను. వింటేనా? ఆ గదికీ నా నోటికీ పడదు."

"అవును. అప్పుడే చెప్పారు మీరు."

ఆమె కొట్టు వీధి చివర ఉండేది. భర్త పోయాక అదొక్కటే ఆధారం. దాన్ని కూల్చిన నాడు, దుమ్ము వస్తుందని వీధిలో అందరూ తలుపులు వేసుకున్నారు. కుట్టుమిషనును ఒక్కతే ఈడ్చుకుంటూ, మూసిన ఆ తలుపులన్నీ దాటుకుని ఆమె ఇల్లు చేరింది. మోకాలి నొప్పి అప్పటిదే. కొట్టు ఉన్నచోట ఇప్పుడు అద్దాల కాంప్లెక్సు మెరుస్తోంది. మాత్రలకు ఆమె అక్కడికే వెళ్ళాలి. మూలనున్న మందుల షాపు ప్రెసిడెంటు అల్లుడిది. పాపం, ఆమెను ఎప్పుడూ వరసలో నిలబెట్టడు.

"నీకు ఏడవడం వచ్చునటే?" అన్నాడు హాల్లో రోజూ చదరంగం ఆడే తాత. "అధికారి ముందు కాస్త ఏడిస్తే పని సులువు."

"కుట్టడమే వచ్చు తాతయ్యా."

"అయితే ఆ బిల్డరుగాడి నోరు కుట్టేసి రా!"

హాలంతా నవ్వింది. మేడమీద పిల్లలకు చదువు చెప్పే టీచరమ్మాయి మాత్రం నవ్వలేదు. "అక్కా, ఈ గది పోతే పిల్లలకి ఇంకో చోటు లేదు. ఇళ్ళల్లో టీవీల మోత. వాళ్ళ చదువులు అటకెక్కినట్టే."

టైలరమ్మ సూది ఆగింది. "నువ్వు ఈ వీధికి ఎప్పుడొచ్చావమ్మా?"

"నిరుడు."

"అయితే నా కొట్టు చూసి ఉండవులే," అని పళ్ళతో దారం తెంపింది.

ప్రెసిడెంటు ఉత్సాహంగా ముందుకు జరిగాడు. "ఇంకో సంగతి. ఆ ఆఫీసు గుమస్తా భార్య నీ దగ్గరే కుట్టిస్తుందిగా? లోపలి గుట్లన్నీ నీకు తెలిసే ఉంటాయి."

"కొలతలు తీస్తుంటే మనుషులు ఊరికే ఉండలేరు బాబాయ్. అన్నీ చెప్పేస్తారు. ఆ గదిలో ఏం జరిగేదీ నాకు బాగా తెలుసు."

"విన్నారా? నేను ఊరికే ఎంచుకున్నానా ఈవిడని!"

విచారణ నాడు వీధి సగం ఆఫీసు వరండాలోనే ఉంది. ఎదుటి బెంచీ మీద బిల్డరు మెరిసే బూట్లతో కూర్చున్నాడు. టైలరమ్మను చూడగానే మొహం తిప్పుకున్నాడు. తప్పుగా కత్తిరించిన గుడ్డను చూసినట్టు ఆమె అతణ్ణి ఒక్కసారి చూసి ఊరుకుంది.

ప్రెసిడెంటు ఆమె చెవి దగ్గరకు వంగాడు. "పగ తీర్చుకునే అవకాశం అందరికీ రాదమ్మా. వదలకు."

"వదలను బాబాయ్."

బంట్రోతు పిలిచాడు. ఆమె లోపలికి వెళ్ళింది. తలుపు మూసుకుంది. ప్రెసిడెంటు కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో ఒక అద్దం తుడిచి రెండోది మొదలుపెట్టేలోగా ఆమె బయటికి వచ్చేసింది.

"అప్పుడే అయిపోయిందా?"

"పెద్ద మాటేం కాదుగా."

"గట్టిగా చెప్పావా?"

"గట్టిగా కాదు. స్పష్టంగా చెప్పాను."

"ఏమని?"

మెడలో మరిచిపోయిన కొలతల టేపును ఆమె తీరిగ్గా తీసి, వేలికి చుట్టుకుంది.

"ఆనాడు నా కొట్టు గురించి మీరు లోపల ఏమన్నారో, ఈనాడు మీ భవనం గురించి నేనూ అదే అన్నాను. ఒక్క ముక్క పొల్లుపోలేదు."

"శభాష్!" తాత చప్పట్లు చరిచాడు. "ప్రెసిడెంటులాగే గొంతు చించుకుందన్నమాట!"

వరండా అంతా చప్పట్లు. టీచరమ్మాయి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. టైలరమ్మ మెల్లగా ఆ చెయ్యి విడిపించుకుంది. ప్రెసిడెంటు ఒక్కడే చప్పట్లు కొట్టలేదు. కళ్ళజోడు చేతిలోనే ఉండిపోయింది, ఒక అద్దం తుడవనే లేదు.

తలుపు తెరుచుకుంది. గుమస్తా గడపలో నిలబడి నిర్ణయం చదివాడు.

"వీధికి అభ్యంతరం లేదు కనుక, అనుమతి మంజూరైంది."